నూట తొంభై నాలుగు పలకలు

నేను 1971 జులైలో ఉద్యోగంలో చేరి 2005 జులైలో దిగిపోయాను. ముప్ఫై నాలుగేళ్ళూ ఒకే గది. విశాఖపట్నం రేవులో ఓడల మరమ్మతులు చేసే ఒక వర్క్‌షాపులో, ఇరవై రెండడుగుల పొడవు, పద్నాలుగడుగుల వెడల్పు ఉన్న కొలతల గది. మైక్రోమీటర్లు, ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు, గడియారాలు నిజం చెబుతున్నాయో లేదో చూడడం నా పని. చెబితే ముద్ర వేసి పంపుతాను. చెప్పకపోతే ఎర్ర కాగితం అంటించి పక్కన పెడతాను.

గదికి కొత్తగా వచ్చిన పిల్లలు వారం తిరక్కుండా ఒక ప్రశ్న అడిగేవారు. మీ సర్వీసులో ఎప్పుడైనా తప్పు చేశారా మేడమ్ అని. లేదు అంటే వాళ్ళకి భయం, ఉంది అంటే సంతోషం. ఉంది. దాని పొడవు ముప్ఫై మీటర్లు. ఎలా జరిగిందో వాళ్ళకి అప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పాను కానీ మొత్తం చెప్పలేదు. ఇప్పుడు ఆ షాపులోనో, అలాంటి మరో షాపులోనో చేరేవాళ్ళ కోసం మొత్తం రాస్తున్నాను. తేదీలు నా డైరీల్లోవి. మాటలు మాత్రం జ్ఞాపకంలోవి, కాబట్టి అక్కడ కొంత అటూ ఇటూ ఉండవచ్చు.

మా షాపులో ఒక వెల్డింగ్ మేస్త్రీ ఉండేవారు. పాత ఊళ్ళో మూడు తరాలుగా రేకు పని చేసిన ముస్లిం కుటుంబం ఆయనది. ఓడ అడుగు భాగాన పలక మార్చాలంటే ముందు ఆయన్నే పిలిచేవారు. ఎక్స్‌రే తీస్తే ఆయన అతుకులో బుడగ కనిపించిందని నేను వినలేదు. 1984 జూన్ నెలాఖరుకి యాభై ఎనిమిదేళ్ళు నిండి రిటైరవ్వాలి. ఒకసారి గ్యాసు సిలిండరు గేజీ పట్టుకుని నా గదికి వచ్చారు. నేను దాని మీద ముద్ర వేస్తుంటే చూసి అన్నారు.

"నీ ముద్ర అందరికీ కనబడతాదమ్మా. నా పనంతా నీళ్ళ కిందే ఉంది."

ఫిర్యాదుగా అనలేదు, ఈ రోజు మంగళవారం అన్నట్టు అన్నారు. పలక అతుకుతారు, దాని మీద రంగు వేస్తారు, ఓడ నీళ్ళలోకి దిగిపోతుంది, అంతే.

ఆయన మనసులో చాలా ఏళ్ళుగా ఒక బొమ్మ ఉంది. యుద్ధం రోజుల్లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, సైనికుల షెడ్డులో రేకు పనికి వెళ్ళేవారట. అక్కడొక మెకానిక్కు, జర్మన్లు వదిలిన ఎగిరే బాంబు ఇంజను ఎలా పనిచేస్తుందో ఇసుకలో గీసి చూపించాడట. అది ఒక గొట్టం. ముందు వైపు స్ప్రింగు రేకుతో చేసిన చిన్న రెక్కలు. లోపల పెట్రోలు మండగానే రెక్కలు మూసుకుంటాయి, మంట వెనక నుంచి పోతుంది. అది పోయాక లోపల గాలి పలచబడి రెక్కలు తెరుచుకుంటాయి, కొత్త గాలి వస్తుంది, మళ్ళీ మండుతుంది. సెకనుకు కొన్ని పదుల సార్లు ఇదే పని. తిరిగే భాగం ఒక్కటీ లేదు. వెల్డింగు తెలిసినవాడు చేయగల జెట్ ఇంజను అదొక్కటే అని ఆయన నమ్మకం. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ బొమ్మని అలాగే ఉంచుకుని, 1982లో బయటికి తీశారు.

తీయించినవాడు మా ఫిట్టరు. ఎలమంచిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటివాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. మోటార్‌సైకిల్ ఎక్కడ ఆగి ఉన్నా దాని చుట్టూ ఒకసారి తిరగనిదే పోయేవాడు కాదు. బొంబాయిలో ఒక మోటారు క్లబ్బు వేగాల రిజిస్టరు ఒకటి ఉంచుతుందని ఎక్కడో చదివి, వాళ్ళకి ఉత్తరం రాశాడు. నాలుగు పేజీల ఫారం వచ్చింది. చేత్తో తయారుచేసిన జెట్ మోటార్‌సైకిళ్ళకి అందులో ఒక విభాగం ఉంది కానీ అప్పటివరకు ఒక్క పేరూ ఎక్కలేదు. ఎక్కాలంటే, కొలిచిన ఒక కిలోమీటరు దూరాన్ని రెండు వైపులా గంటలోపల దాటాలి. రెంటి సగటు గంటకు 180 కిలోమీటర్లకు తగ్గకూడదు. ఫారం చివర మూడు గీతలు. నడిపినవారు, తయారుచేసినవారు, దూరాన్నీ కాలాన్నీ కొలిచి ధ్రువీకరించినవారు.

మేస్త్రీ రెండో గీత మీద వేలు పెట్టారు. ఇక్కడ నా పేరు రాస్తారా అని అడిగారు. రాయరు, టైపు చేస్తారని చెప్పాను.

"టైపా," అన్నారు. కాసేపు వేలు తియ్యలేదు.

మూడో గీత కోసం నన్నడిగారు. నేను మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. ఆలోచించింది అది జరిగే పనేనా అని కాదు. సరిగా కొలవగలిగిన పనేనా అని.

మా ఆఫీసరు కూడా ఒప్పుకున్నారు. తుక్కు వాడుకోవచ్చు, డ్యూటీ వేళలు వాడకూడదు అని షరతు. అందువల్ల పనంతా ఆదివారాలే. వేలంలో వచ్చిన పాత మోటార్‌సైకిల్ చట్రాన్ని పద్నాలుగంగుళాలు పొడిగించారు. ఇంజను తీసేశారు. గొట్టాన్ని మేస్త్రీ ఓడ బాయిలరు నుంచి వచ్చిన తుక్కు రేకుతో చుట్టి అతికారు. నాకు గుర్తున్నంతవరకు ఆ పొడవాటి అతుకుకి రెండు ఆదివారాలు పట్టింది. రెండో ఆదివారం దాన్నంతా కోసేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే నచ్చలేదన్నారు.

ఇబ్బందంతా రెక్కలతోనే వచ్చింది. మొత్తం ఇరవై నాలుగు రెక్కలు. మామూలు రేకుతో చేసినవి పదకొండు సెకన్లు నిలిచాయి. నా గదిలో సన్నని సందుల్ని కొలిచే స్ప్రింగు స్టీలు పట్టీలు ఉండేవి. పనికిరావని నేను పక్కన పెట్టినవి ఇచ్చాను. వాటితో చేసినవి ముప్ఫై నాలుగు సెకన్లు. అంచుల్ని నూనెరాయి మీద గుండ్రంగా అరగదీస్తే ఒక నిమిషం యాభై. అరగదీసే దిక్కు మార్చాక మూడు నిమిషాల పది సెకన్లు. అక్కడ ఆగిపోయాం. ఇవన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. రెండు పరుగులకీ కలిపి రెండున్నర నిమిషాలు మండితే చాలు. అంటే ఒక సెట్టు రెక్కలతో రెండు పరుగులూ తీయవచ్చు, కానీ మూడోది తీయలేం. ఇంకో సెట్టుకి సరిపడా పట్టీలు లేవు.

1983 జనవరిలో మొదటిసారి వెలిగించిన రోజు ఆ మోతకి ఓడలకి ఖనిజం ఎక్కించే బెర్తు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఎదురుగా కట్టి ఉన్న ఓడలో జనం డెక్కు మీదికి వచ్చారు. గేటు కాపలా ఆయన బాయిలరు పేలిందనుకుని ఫైరింజనుకి ఫోన్ చేశాడు. అది జెట్ విమానం మోతలా సాగదు. మన ఛాతీని ఎవరో పలకతో గబగబా కొడుతున్నట్టు ఉంటుంది. గొట్టాన్ని ఒక స్ప్రింగు త్రాసుకి కట్టి చూశాను. అరవై ఎనిమిది కిలోల బలంతో లాగింది. మోత ఆగాక ఫిట్టరు చెవుల్లోంచి దూది తీసుకుంటూ అడిగాడు.

"ఏటి మేస్త్రీ, ఇది నన్ను తీసుకెల్తాదా, నానే దీన్ని మోసుకెల్లాలా?"

"నువ్వు వంగి కూకో. నీ పొట్ట గాలికి అడ్డం రాకుండా చూసుకో. మిగతాది అది చూసుకుంటాది," అన్నారు మేస్త్రీ.

వాడికి పొట్ట లేదు. ఆ తర్వాత ఏడాదంతా పొట్ట అనే పిలిచారు.

రోడ్డు దొరకడానికి మరో ఏడాది పట్టింది. భీమిలి వైపు తడి ఇసుక మీద రెండుసార్లు చూశాం. చక్రం దిగబడింది. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. పెద్ద క్రేన్లు లోపలికి వెళ్ళడానికి ఒక కాంక్రీటు రోడ్డు వేశారు. మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు, ఎక్కడా వంపు లేదు. సోమవారం నుంచి క్రేన్లు నడుస్తాయి, దానికి ముందు శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా మీ ఇష్టం అని అక్కడి ఇంజనీరు చెప్పారు. అలా 1984 ఫిబ్రవరి పదకొండు, పన్నెండు తేదీలు మాకు దొరికాయి.

శనివారం కిలోమీటరు కొలిచాను. మా గదిలో ముద్ర వేసిన ముప్ఫై మీటర్ల స్టీలు టేపు తీసుకెళ్ళాను. ముందు కొస ఫిట్టరు పట్టుకున్నాడు. వెనక కొస, పుస్తకం, థర్మామీటరు నా దగ్గర. అక్కడి సర్వే కుర్రాడొకడు వచ్చి ఇనుప సూదులు ఇస్తానన్నాడు. సర్వేవాళ్ళు టేపు పరిచిన ప్రతిసారీ ముందున్నవాడు నేలలో ఒక సూది గుచ్చుతాడు, వెనకున్నవాడు దాన్ని ఏరుకుంటాడు. చివర చేతిలో ఎన్ని సూదులుంటే అన్ని టేపులు. నా దగ్గర పుస్తకం ఉంది, అక్కర్లేదన్నాను. నేను మిల్లీమీటరులో వందో వంతు కొలిచే మనిషిని. మట్టిలో సూదులు గుచ్చి లెక్కపెట్టేవాళ్ళ పద్ధతి నాకు మొరటుగా అనిపించింది. ఇది ఇప్పుడు రాయడానికి బాగాలేదు, అయినా రాస్తున్నాను.

నా పద్ధతి ఇది. టేపు పరచబోయే ముందు థర్మామీటరు చూసి, టైమూ వేడీ పుస్తకంలో వేసి, వరస సంఖ్య రాసేదాన్ని. తర్వాత టేపు పరిచి సుద్దతో గీత. ఎండకి స్టీలు టేపు సాగుతుంది. ఆ వేడికి టేపుకి దాదాపు ఐదు మిల్లీమీటర్లు. ముప్ఫై మూడు టేపులూ, పైన పది మీటర్లూ కలిపితే కిలోమీటరుకి పదహారు సెంటీమీటర్లు. కాబట్టి చివరి గీతని పదహారు సెంటీమీటర్లు వెనక్కి జరిపి గీశాను. ఫిట్టరు చూసి నవ్వాడు.

"పదారు సెంటీమీటర్లకి ఇంత లెక్కేటక్కా? నా సెప్పంత నేదు."

ఈ రోజు చెప్పంత వదిలేస్తే రేపు ఓడంత వదిలేస్తావని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కొంత గర్వంగానే ఉండి ఉంటుంది.

మధ్యలో, పంతొమ్మిదో టేపు దగ్గర, సిమెంటు లారీ ఒకటి వచ్చింది. టేపు చుట్టి పక్కకి జరిగాం. అది పోయాక మళ్ళీ పద్దెనిమిదో సుద్ద గీత దగ్గరికి వచ్చి పని సాగించాం. సాధారణంగా నేను ఏ దూరాన్నయినా రెండుసార్లు కొలుస్తాను. ఆ రోజు ఎండ వాలిపోతోంది, ఇంకా తీగ పరచాల్సి ఉంది. ఒకసారే కొలిచాను.

తీగ సంగతి కూడా చెప్పాలి. మొదటి గీత దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక దారం, చివరి గీత దగ్గర ఇంకొకటి. బండి మొదటి దారాన్ని తెంపితే నా గడియారం మొదలవుతుంది, రెండోదాన్ని తెంపితే ఆగుతుంది. గడియారం సెకనులో పదో వంతు చూపిస్తుంది. రెండు దారాల మధ్య తీగ కావాలి కదా. పాత టెలిఫోను తీగల్ని నలుగురి దగ్గర ముక్కలుగా తెచ్చి అతికాం. అంతా కలిపి 1040 మీటర్లని లెక్క. అంటే నలభై మిగలాలి. చివర చూస్తే చుట్ట అంతకంటే పెద్దగా కనిపించింది. ముక్కలు ఇచ్చినవాళ్ళలో ఎవరో సరిగా కొలవలేదనుకున్నాను. ఇతరుల కొలతల మీద అనుమానం నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

ఆదివారం ఉదయం ఏడున్నరకి మొదటి పరుగు. మేస్త్రీ తెల్లబట్టలు వేసుకుని వచ్చారు. ఆయన భార్య పెద్ద క్యారేజీలో సేమ్యా పాయసం పంపారు. మా ఆఫీసరూ, సైటు ఇంజనీరూ, షాపు నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. ఆరుగురు బండిని తోశారు. గొట్టం అందుకుంది. నేను చివరి గీత పక్కన గడియారం ముందు కూర్చున్నాను కాబట్టి నాకు ముందు మోత, తర్వాత ఒక నల్లటి చుక్క, తర్వాత ఏదో దాటిపోయిన గాలి. అంతే చూశాను. గడియారం వైపు తిరిగితే 19.6 సెకన్లు. గంటకు 183 కిలోమీటర్ల పైన.

ఫిట్టరు ఆ కొసన ఆగాడు. మేమంతా జీపులో వెళ్ళాం. ఎడమ పిక్క మీద చెయ్యంత మేర ప్యాంటు మాడి, చర్మం ఎర్రబడింది. అది వాడు చూసుకోనే లేదు. నేను భూతద్దంతో రెక్కలు చూశాను. రెంటికి కొసల్లో వెంట్రుకంత పగుళ్ళు ఉన్నాయి. రెండో పరుగుకి నిలుస్తాయి కానీ కష్టపెట్టకూడదు. ఇరవై సెకన్లలో దాటితే 180 వస్తుంది. అంటే మొదటి పరుగుతోనే మాకు సెకనులో నాలుగు పదో వంతులు మిగిలి ఉన్నాయి.

"దీంట్లో ఇంకా ఉందక్కా. నాను పూర్తిగా ఒదల్నేదు. ఒదిలెయ్‌మంటే ఒదిలేత్తాను," అన్నాడు ఫిట్టరు.

"వద్దు. ఇంతే చాలు. పెట్రోలు తగ్గించు, రెక్కలు మిగలాలి," అన్నాను.

"నువ్వు సెప్పినట్టే."

ఎనిమిదింటికి రెండు నిమిషాల ముందు తిరుగు పరుగు. 19.8 సెకన్లు. వాడు నేను చెప్పినట్టే చేశాడు. సగటు 182.7.

తర్వాత కాసేపు అక్కడ జరిగింది నేను వివరంగా రాయలేను, ఎందుకంటే నేను కూడా లెక్కపెట్టకుండా ఉన్న అరగంట అది. ఆఫీసరు ఫిట్టర్ని కౌగిలించుకున్నారు. మేస్త్రీ మాత్రం, జీపుకి కట్టి చివరి గీత దగ్గరికి లాక్కొచ్చిన బండి పక్కన కింద కూర్చుని, చేతికి తొడుగు వేసుకుని, ఇంకా వేడిగా ఉన్న గొట్టం అతుకు మీద ఆ చెయ్యి ఆనించి ఉంచారు. నన్ను పిలిచి ఆ ఫారం ఇంకోసారి చూపించమన్నారు. చూపించాను. రెండో గీత చూసి తిరిగి ఇచ్చేశారు.

తీగా, దారం కట్టిన గుంజలూ తేవడానికి సైటు ఇంజనీరు జీపులో మొదటి గీత వైపు వెళ్ళాను. కాంక్రీటు రోడ్డు పలకలు పలకలుగా పోస్తారు. రెండు పలకల మధ్య సన్నని సందు ఉంటుంది. జీపు దాన్ని దాటినప్పుడల్లా చిన్న కుదుపు. కుదుపుల్నీ మెట్లనీ లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. కావాలని చేసే పని కాదు. చివరి గీత దగ్గర లెక్క మొదలైంది, మొదటి గీత దగ్గర జీపు ఆగింది. నూట తొంభై నాలుగు. ఊరికే, మాటల్లో మాటగా, ఒక్కో పలక ఎంత పొడవని ఇంజనీరుని అడిగాను.

"అన్నీ ఐదే మీటర్లు మేడమ్."

రెండు వందల పలకలు ఉండాలి. ఆయన ఇంకేదో చెబుతున్నారు, నాకు వినపడలేదు. నడిచి వస్తానని చెప్పి జీపు దిగాను. ప్రతి సందు మీదా కాలు వేసి లెక్కపెడుతూ తిరిగి నడిచాను. నూట తొంభై నాలుగు. దారిలో మూడు చోట్ల టేపు పెట్టి పలక పొడవు చూశాను. ఐదు మీటర్లే. చివరి గీత మీద కూర్చుని పుస్తకం తెరిచాను. పంతొమ్మిదో వరస, మూడు గంటల నలభై నిమిషాలు, ముప్ఫై నాలుగు డిగ్రీలు. ఇరవయ్యో వరస, మూడు గంటల నలభై రెండు నిమిషాలు, ముప్ఫై నాలుగు డిగ్రీలు. మిగతా వరసలన్నిటి మధ్యా కనీసం నాలుగు నిమిషాలుంది. లారీ రాకముందు నేను పంతొమ్మిది అని రాసేశాను, టేపు పరచలేదు. లారీ పోయాక అదే టేపుకి మళ్ళీ వేడి చూసి ఇరవై అని రాశాను. పుస్తకంలో ముప్ఫై మూడు టేపులు, రోడ్డు మీద ముప్ఫై రెండు. పదహారు సెంటీమీటర్లని జాగ్రత్తగా సరిచేసి ముప్ఫై మీటర్లు పోగొట్టాను. చేతిలో సూదులుండి ఉంటే ముప్ఫై రెండే ఉండేవి.

970 మీటర్లకి లెక్క వేస్తే 177.3.

ముందు మేస్త్రీకే చెప్పాలనుకున్నాను కానీ నా మొహం చూసి అందరూ దగ్గరికి వచ్చారు. నిలబడే చెప్పాను. తర్వాత ఆఫీసరు నన్ను పక్కకి పిలిచారు. ఆయన చెడ్డవారు కాదు. పుస్తకంలో ముప్ఫై మూడు ఉంది, పుస్తకమే రికార్డు, మీరు జీపులో కుదుపులు లెక్కపెట్టకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు అన్నారు. అది నిజమే. ఫిట్టరు అంత దూరం కూడా పోలేదు, అక్కడే అడిగాడు.

"బొంబాయోడొచ్చి ఈ పలకలు లెక్కెడతాడేటక్కా?"

రాడు అన్నాను.

"మరేటి?"

సంతకం నాది కదా అన్నాను. రేపు నా గదిలో ఇంకొకరి గేజీ మీద ఎర్ర కాగితం ఎలా అంటించను అన్నాను. వాడు వంగి మాడిన ప్యాంటు చూసుకుని అన్నాడు.

"నానొదిలేత్తానన్నాను. నువ్వే ఒద్దన్నావు."

కిలోమీటరు సరిగా ఉండి ఉంటే మొదటి పరుగు తర్వాతే గడియారం చాలదని చెప్పేది, వాడు రెండోసారి పూర్తిగా వదిలేవాడు, అప్పుడు వచ్చేదో రాదో నిజంగా తెలిసేది. నేను తప్పుగా కొలవడమే కాదు, ఆ తప్పు కొలతని నమ్ముకుని వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. మళ్ళీ పరిగెడదామా అని ఎవరో అన్నారు. రెక్కలు విప్పి చూశాను. ఇరవై నాలుగింటిలో తొమ్మిది చీలిపోయాయి.

మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు మీద నడవడం మొదలుపెట్టారు. మేమంతా నిలబడి చూస్తున్నాం. తెల్లచొక్కా చిన్నదై చిన్నదై, మొదటి గీత దగ్గర ఆగి, మళ్ళీ పెద్దదవుతూ వచ్చింది. అరగంట పట్టింది. చెమటలతో వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"నూట తొంభై నాలుగే," అన్నారు. ఊపిరి తీసుకున్నాక మళ్ళీ అన్నారు. "నా అతుకులో పగులుంటే పైన రంగు కొట్టి ఓడని పంపెయ్యమని ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదమ్మా. అడిగినా పంపేవాణ్ణి కాదు. నువ్వు ఉన్నది రాసెయ్."

ఫిట్టరు వైపు తిరిగి, పాయసం తిను, దాని లెక్క ఏమీ తప్పలేదు అన్నారు. వాడు తినలేదు. మేస్త్రీ తిన్నారు. నాకూ ఒక గిన్నె ఇచ్చారు. తిన్నాను.

సోమవారం ఫారం నింపాను. దూరం 970 మీటర్లు, సగటు వేగం 177.3. తప్పు ఎలా జరిగిందో విడిగా పదకొండు పంక్తులు రాసి జతచేశాను. తయారుచేసినవారు అన్న గీత మీద మేస్త్రీ పేరు నేనే టైపు చేశాను. మార్చి నెలాఖరున జవాబు వచ్చింది. దూరమూ చాలదు, వేగమూ చాలదు, కాబట్టి రిజిస్టరులో ఎక్కించడం లేదని, ఫారం తిప్పి పంపుతున్నామని. మర్యాదగానే రాశారు. రెక్కల కోసం కొత్త పట్టీలు అడిగితే పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ రోడ్డు మీద క్రేన్లు తిరుగుతున్నాయి. ఫిట్టరు నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడడం లేదు. కోపంతో అరిచినా బాగుండేది, మేడమ్ అని పిలవడం మొదలుపెట్టాడు.

మే నెల చివరి వారంలో మేస్త్రీ నా గదికి వచ్చారు. ఆదివారం టేపు పట్టుకుని ఆ రోడ్డు మీదికి రమ్మన్నారు. నీ ముద్ర కూడా తెచ్చుకో అన్నారు. ఎందుకో చెప్పలేదు. వెళ్ళేసరికి ఫిట్టరు కూడా ఉన్నాడు. వాడి చేతిలో సర్వేవాళ్ళ ఇనుప సూదులున్నాయి. ఆ కుర్రాడినే అడిగి తెచ్చాడట. నాకు ఇవ్వలేదు, వాడే ముందుండి కాంక్రీటు అంచున మట్టిలో గుచ్చాడు. నేను వెనక నుంచి ఒక్కొక్కటే ఏరుకుంటూ వచ్చాను. పాత మొదటి గీత నుంచి రెండుసార్లు కొలిచాం, ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి. రెండుసార్లూ నా చేతిలో ముప్ఫై మూడు సూదులు. పైన పది మీటర్లు. అది మా పాత చివరి గీత దాటి సరిగ్గా ఆరు పలకల అవతల, ఒక చిన్న తూము దగ్గర ఆగింది. తూముకి ఇనుప గొట్టాల రెయిలింగు ఉంది.

మేస్త్రీ సైటు వాళ్ళ వెల్డింగు సెట్టు అడిగి తెప్పించారు. రెయిలింగు పై గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది, కొలత ఆగిన చోట, వేలంత పొడవున ఒక వెల్డింగు గీత వేశారు. చల్లారాక బ్రష్షుతో తుడిచారు. చేప పొలుసుల్లా వరసగా, ఒక్కటీ తేడా లేకుండా వచ్చింది. ఇది దేనికని అడిగాను.

"ఇక్కడికి కిలోమీటరు. రేపు ఇంకెవడైనా బండి చేసుకుని వస్తే మళ్ళీ తప్పు పోకూడదు," అన్నారు. తర్వాత, "నీ ముద్ర వెయ్," అన్నారు.

సుత్తితో దాని పక్కన నా ముద్ర కొట్టాను. ఫిట్టరు వంగి చూసి, ముద్ర కాస్త వంకరగా పడిందక్కా అన్నాడు. మూడున్నర నెలల తర్వాత అక్కా అన్నాడు.

మేస్త్రీ జూన్ నెలాఖరున రిటైరై, 1991లో పోయారు. బండిని తుక్కులో కోసేశారు. ఫిట్టరు నాకంటే తర్వాత రిటైరై ఎలమంచిలిలోనే ఉన్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు. ఎవరూ వచ్చి ఆ రోడ్డు మీద వేగం కొలవలేదు. నా గదికి వచ్చిన ప్రతి కొత్త పిల్లకీ పిల్లాడికీ మొదటి రోజే ఒక కట్ట ఇనుప సూదులు ఇచ్చేదాన్ని. వర్క్‌షాపు ఆవరణ కొలవమనేదాన్ని. ఎందుకని అడిగినవాళ్ళకే ఈ కథలో కొంత చెప్పాను.

మా చెల్లెలి ఇల్లు అటువైపే. మొన్న జనవరిలో వెళ్తూ తూము దగ్గర ఆటో ఆపించి దిగాను. కాంక్రీటు మీద ఎప్పుడో తారు పోశారు, పలకలు కనబడవు. రెయిలింగు మాత్రం అదే. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు రంగు వేశారో, గొట్టం లావెక్కింది. వేలితో తడిమాను. నా ముద్ర రంగులో పూడిపోయింది, అక్కడ ఏమీ తెలియడం లేదు. ఆయన వెల్డింగు గీత మాత్రం వేలికి తగులుతూనే ఉంది.